పిల్లలతో ఆగుంబె అడవిలో



మన ఇంట్లో ఒక పిల్లవాడు నేలమీద పాకే పురుగును చూస్తూ కూర్చున్నాడనుకోండి. మనం మొదట అనే మాట ఏమిటి? "ఛీ, ముట్టొద్దు!" తెలుగిళ్లలో "ముట్టొద్దు", కన్నడ ఇళ్లలో "ముట్టబేడ". భాష మారినా మాట ఒక్కటే. ఇరవై ఏళ్లుగా బడిలోనూ, పదేళ్లుగా ఇంట్లోనూ నేనూ ఆ మాటే అంటూ వచ్చాను. అది తప్పు మాట కాదు. కాని అది సగం మాటే అని, మిగతా సగం ఇంకొకటి ఉందని నాకు 2025 దసరా సెలవుల్లో తెలిసింది. ఆ సంగతే ఈ ప్రసంగంలో మీకు మనవి చేస్తాను.

నేను బళ్లారి జిల్లాలో ఒక పల్లె బడి టీచరును. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, తరగతి గదిలో రెండూ. మా తాతల కాలం నుంచీ ఇక్కడే ఉన్నాం. నాకు ఇద్దరు పిల్లలు. బాబుకు పదేళ్లు, పాపకు ఏడేళ్లు. ఇద్దరూ నేను పనిచేసే బడిలోనే చదువుతున్నారు.

ముందు ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఆ దసరాకు ముందు ఏడు, మా బడి ఆవరణలోకి ఒక పాము వచ్చింది. పొడుగ్గా, గోధుమ రంగులో ఉంది. పిల్లలు కేకలు వేశారు. నేను కూడా వేశాను. "కట్టె తీసుకురండి" అని అరిచింది నేనే. వాచ్‌మన్ వచ్చి నాలుగు దెబ్బలు వేశాడు. ఆ తర్వాత ఒక రైతు వచ్చి చూసి, "అయ్యో, ఇది జెర్రిపోతమ్మా. ఎలుకల్ని తినేది. విషం లేదు" అన్నాడు. ఆ రాత్రి పడుకునేటప్పుడు మా పాప అడిగింది: "అమ్మా, అది ఏం చేసిందని చంపించావు?" నా దగ్గర జవాబు లేదు. "పడుకో" అన్నాను. టీచరుగా ఎన్నో ప్రశ్నలకు జవాబు చెప్పాను గాని, ఆ ప్రశ్న మాత్రం నాలోనే ఉండిపోయింది.

అందుకే దసరా సెలవులకు ఎక్కడికి వెళ్దామని మావారు అడిగినప్పుడు, "ఈసారి గుడులూ గోపురాలూ వద్దు, పిల్లలకు అడవి చూపిద్దాం" అన్నాను. మా అత్తగారు కూడా వస్తానన్నారు. పిల్లలు ఆమెను అవ్వ అంటారు. ఆమె వక్కాకు సంచి ఎక్కడికైనా ఆమె వెంటే ఉంటుంది. ఆ సంచి ఈ కథలో పనికొస్తుంది కాబట్టి ముందే చెబుతున్నాను.

మేము వెళ్లింది ఆగుంబెకు. శివమొగ్గ జిల్లా తీర్థహళ్లి తాలూకాలో, పడమటి కనుమల అంచున, సముద్రమట్టానికి 600 మీటర్లకు పైన ఉన్న చిన్న ఊరు. శంకర్ నాగ్ దర్శకత్వంలో వచ్చిన 'మాల్గుడి డేస్' టీవీ ధారావాహిక మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ మాల్గుడి వీధి ఆగుంబెలోనే చిత్రీకరించారు. దక్షిణ చిరపుంజి అని కూడా ఆ ఊరికి పేరు. మన బళ్లారి వైపు ఏడాదికి దాదాపు 500 మిల్లీమీటర్ల వాన పడితే అక్కడ 7,000 మిల్లీమీటర్లు దాటుతుంది. అంటే మనకు పద్నాలుగేళ్లలో పడే వాన అక్కడ ఒక్క ఏడాదిలో పడుతుందన్నమాట.

ఎందుకలా? బస్సులో మా బాబు ఇదే అడిగాడు. అరేబియా సముద్రం మీదుగా వచ్చే నైరుతి మేఘాలకు పడమటి కనుమలు గోడలాగా అడ్డం నిలబడతాయి. గాలి ఆ గోడ ఎక్కుతూ చల్లబడుతుంది. చల్లబడిన గాలి నీటిని పట్టి ఉంచలేదు, అక్కడే కుమ్మరిస్తుంది. కనుమ దాటి మన వైపు వచ్చేసరికి మేఘం సంచి ఖాళీ అవుతుంది. అందుకే అక్కడ అడవి, ఇక్కడ ముళ్ల చెట్లూ బండరాళ్లూ.

చిత్రదుర్గ దాటి శివమొగ్గ చేరి, అక్కడి నుంచి తీర్థహళ్లి బస్సు ఎక్కాం. దారిలో సక్రెబైలు ఏనుగుల శిబిరం దగ్గర దిగి, ఏనుగులకు నీళ్లలో స్నానం చేయించడం చూశాం. తీర్థహళ్లిలో తుంగ ఒడ్డున నిలబడినప్పుడు అవ్వ రెండు చేతులతో నీళ్లు తీసుకుని తాగింది. "గంగా స్నానం, తుంగా పానం" అన్నది. అప్పుడు నేను పిల్లలకు చెప్పాను: "ఆగుంబె వైపు కొండల నుంచి వచ్చే మాలతి ఈ తుంగలో కలుస్తుంది. తుంగ, భద్ర కూడలి దగ్గర కలుస్తాయి. ఆ నీళ్లే హొసపేటె దగ్గర తుంగభద్ర డ్యాములో నిలుస్తాయి. 1953లో పూర్తయిన ఆ డ్యాము కాలువలే మన బళ్లారి, రాయచూరు పొలాలకూ, అటు కర్నూలు, అనంతపురం పొలాలకూ నీళ్లు ఇస్తున్నాయి." మా పాప కాసేపు ఆలోచించి, "అయితే మన అన్నం ఈ అడవిలో నుంచే వచ్చిందా?" అంది. ఇంత సూటిగా నేనెప్పుడూ పాఠం చెప్పలేదు.

మరునాడు ఉదయం ఆ ఊరి అబ్బాయి ఒకడు మాకు దారి చూపడానికి వచ్చాడు. అటవీశాఖ అనుమతి ఉన్న దారిలోనే వెళ్లాలి, దారి తెలిసినవాళ్లు వెంట ఉండాలి. ఇది ఎవరైనా పాటించాల్సిన నియమం. అబ్బాయికి పాతికేళ్లుంటాయి. కన్నడంలో మాట్లాడుతున్నాడు. నన్ను అక్క అన్నాడు, మా అత్తగారిని అజ్జి అన్నాడు. బయలుదేరే ముందు పిల్లల్ని ఎదురుగా నిలబెట్టి మూడే మాటలు చెప్పాడు. మెల్లగా నడవాలి. చేయి పెట్టే చోటు, కాలు పెట్టే చోటు ముందు చూసుకోవాలి. మూడోది, "ముట్టబేడి, నోడి." ముట్టొద్దు, చూడండి.

మొదటి గంట మా బాబుకు ఏమీ నచ్చలేదు. వాడు పులి కనిపిస్తుందని వచ్చాడు. వానల అడవి అలా ఉండదు శ్రోతలారా. ముప్పై నలభై మీటర్ల ఎత్తు చెట్లు. పైన కొమ్మలు ఒకదానిలో ఒకటి కలిసి పందిరిలా ఉంటాయి. పగటిపూట కూడా కింద సాయంత్రం వెలుగే. ఏ జంతువూ ఎదురుగా వచ్చి నిలబడదు. కీచురాళ్ల మోత వినిపిస్తుంది, కీచురాయి కనిపించదు. పెద్ద పెద్ద జంతువుల కోసం వెతికే పెద్దవాళ్లకు అది ఖాళీ అడవి.

పిల్లల సంగతి వేరు. వాళ్ల కళ్లు నేలకు దగ్గరగా ఉంటాయి. ముందు చూసింది మా పాప. ఎండుటాకుల మధ్య నున్నటి గోధుమ రంగు గోలీ ఒకటి. "అమ్మా, ఇది రాయి కాదు" అంది. ఆ అబ్బాయి కూర్చోమన్నాడు. అందరం చుట్టూ కూర్చున్నాం. రెండు నిమిషాలు ఏమీ జరగలేదు. తర్వాత గోలీ మెల్లగా విచ్చుకుంది. లోపల నుంచి బోలెడు కాళ్లు బయటికి వచ్చాయి. మన వైపు వానాకాలంలో కనిపించే రోకలిబండ పురుగుకు ఇది చుట్టం. భయం వేస్తే బంతిలా చుట్టుకుంటుంది. రాలిన ఆకుల్ని తిని మట్టిగా మారుస్తుంది. ఆ మట్టి మీదే ఆ మహావృక్షాలు బతుకుతాయి. మా పాప ముఖంలో ఆ సంతోషం చూసి, నేను ఇన్నేళ్లూ తరగతి గదిలో నుంచి రోకలిబండల్ని చీపురుతో ఊడ్పించిన సంగతి గుర్తొచ్చింది.

ఇంతలో బాబు కేక వేశాడు. మేజోడు పైన జలగ. ఆగుంబెలో వానాకాలంలో జలగలు లేని నడక ఉండదు. కన్నడంలో వాటిని ఇంబళ అంటారు. అది కరిచినప్పుడు నొప్పి తెలియదు. దాని లాలాజలంలో రక్తం గడ్డకట్టనివ్వని పదార్థం ఉంటుంది. అందుకే ఊడిపోయాక కూడా రక్తం కాసేపు కారుతూనే ఉంటుంది. చూడ్డానికి భయంగా ఉంటుంది గాని ప్రమాదం తక్కువ. అవ్వ గబగబా సంచి విప్పి సున్నం కాయ తీసింది. "ఇంత సున్నం పెడితే అదే రాలుతుంది" అంది. ఆ అబ్బాయి నవ్వి, "అజ్జీ, మా అవ్వా అలాగే చేసేది. కాని సున్నం, ఉప్పు, నిప్పు పెడితే అది కడుపులోది గాయంలోకి కక్కవచ్చు. గోటితో పక్కకు జరిపితే చాలు" అన్నాడు. జలగ సన్నటి మూతి ఉన్నచోట గోరు ఆనించి పక్కకు తోసి చూపించాడు. పట్టుకుని లాగకూడదట. ఇంటికెళ్లాక సబ్బుతో కడిగితే సరిపోతుంది. అవ్వ సున్నం మళ్లీ సంచిలో పెట్టుకుని, "అయితే వక్కాకైనా వేసుకుంటా" అంది. రెండో జలగను బాబు తానే గోటితో తోసేశాడు. వాడి భయం అక్కడితో పోయింది.

ఒక వక్కతోట అంచున ఇంకో వింత చూశాం. వక్క మాను మీద బెరడు రంగులోనే ఒక తొండ. మెడ కింద నుంచి పసుపుపచ్చటి తోలు ముక్కను జండాలా ఆడిస్తోంది. చూస్తుండగానే గాలిలోకి దూకింది. రెండు పక్కలా పక్కటెముకలు విసనకర్రలా విచ్చుకున్నాయి. ఆ ఎముకల మీద పరుచుకున్న తోలు రెక్కల్లా అయింది. అలా తేలుతూ వెళ్లి ఇంకో మానుకు అతుక్కుంది. ఇదే ఎగిరే తొండ, కన్నడంలో హారువ ఓతి. అది చీమల్ని తిని బతుకుతుంది. ఆడది గుడ్లు పెట్టడానికి తప్ప నేలకు దిగదు. కన్నడ రచయిత పూర్ణచంద్ర తేజస్వి 1980లో రాసిన 'కర్వాలో' నవల ఈ ఎగిరే తొండను వెతుక్కుంటూ వెళ్లేవాళ్ల కథే. బి.ఇడి. చదివే రోజుల్లో ఆ నవల చదివాను. అది నిజంగా నా కళ్ల ముందు ఎగురుతుందని అనుకోలేదు.

ఒక నీటిగుంట పైన ఆకులకు తెల్లటి నురగ ముద్ద వేలాడుతోంది. "ఇదెవరు ఉమ్మారు?" అంది పాప. అది కప్ప గూడు. పచ్చటి కప్ప. వేళ్ల మధ్య ఎర్రటి పొరలుంటాయి. కొమ్మ మీద నుంచి దూకేటప్పుడు ఆ పొరలు చాచి గాలిలో తేలుతుంది. ఆడకప్ప గుడ్లు పెడుతూ, మనం గుడ్డుసొన గిలక్కొట్టినట్లు కాళ్లతో చిలికి నురగ చేస్తుంది. ఆ నురగలో గుడ్లు ఎండకుండా ఉంటాయి. పిల్లలయ్యాక కింద నీళ్లలోకి జారిపడతాయి. అందుకే సరిగ్గా నీటి పైన ఉన్న ఆకునే ఎంచుకుంటుంది. "తెలివైన అమ్మ" అంది మా పాప. నేను మరి అంత తెలివైన అమ్మను కానని ఇంకో అరగంటలో తేలింది.

తిరుగు దారిలో ఒక చిన్న మిట్ట ఎక్కాలి. వానకు మట్టి జారుతోంది. పాప ముందు ఎక్కుతోంది, నేను వెనుక ఉన్నాను. జారిపోతుందేమోనని, "ఆ మొక్క పట్టుకో" అన్నాను. ఆ అబ్బాయి ఉదయం చెప్పిన మాట నేనే మరిచిపోయాను. పాప చేయి చాచింది. ఆ మొక్క మీద, తన చేతికి జానెడు దూరంలో, ఒక పచ్చటి పాము చుట్టుకుని ఉంది. ఆకు రంగే దాని రంగు. వెడల్పాటి తల. రక్తపింజర చుట్టాల్లో ఒకటి. కంటికీ ముక్కుకీ మధ్య చిన్న గుంట ఉంటుంది, దానితో ఎదుటి ప్రాణి వేడిని పసిగడుతుంది. విషసర్పమే. గంటల తరబడి కదలకుండా ఒకే కొమ్మ మీద ఉండటం దాని స్వభావం.

నేను పెద్దగా అరిచి పాప చొక్కా పట్టి వెనక్కి లాగాను. ఇద్దరం బురదలో పడ్డాం. పడ్డాక దాని వీపు మీద ఒకటి కొట్టాను కూడా. "చూసుకోవద్దా? కళ్లు లేవా?" అన్నాను. పాప ఏడుస్తూ ఒకే మాట అంది: "నువ్వే కదా పట్టుకోమన్నావు!"

పాము ఉన్నచోటనే ఉంది. తల కూడా తిప్పలేదు. ఆ అబ్బాయి మమ్మల్ని లేపి, పది అడుగుల దూరం నుంచి చూపించాడు. "దాని పాటికి అది ఉంది అక్కా. మనమే దాని ఇంటి తలుపు పట్టుకోబోయాం" అన్నాడు. పాప చూడలేదు. నా కొంగులో తల పెట్టుకుంది.

ఆ మధ్యాహ్నం పాప గదిలో నుంచి బయటికి రాలేదు. స్నానాల గదిలోకి వెళ్లడానికి కూడా భయపడింది. గోడ మీద తీగ నీడ చూసి ఏడ్చింది. నాకు అప్పుడు అర్థమైంది. దాన్ని భయపెట్టింది పాము కాదు, నా కేక. పామును అది సరిగ్గా చూడనేలేదు. నా ముఖం మాత్రం చూసింది. తల్లి భయం పిల్లకు అలా చేరుతుంది. మా అమ్మ భయం నాకు అలాగే వచ్చి ఉంటుంది.

సాయంత్రం వాన కురుస్తుంటే అందరం వసారాలో కూర్చున్నాం. ఆ అబ్బాయి కూడా ఉన్నాడు. బాబు అడగ్గా కాళింగ సర్పం సంగతి చెప్పాడు. మన తెలుగులో రాచనాగు అంటాం. విశాఖ వైపు కొండల్లో గిరినాగు అంటారు. విషసర్పాలన్నింటిలో పొడుగైనది ఇదే. నాలుగు మీటర్లు దాటి పెరుగుతుంది. ఆకులు పోగుచేసి గూడు కట్టే పాము ప్రపంచంలో ఇదొక్కటే. వానలకు ముందు ఆడపాము తన ఒంటి చుట్టలతో ఎండుటాకుల్ని లాగి గుట్ట చేస్తుంది. లోపల గుడ్లు పెట్టి, వారాల తరబడి తిండి లేకుండా కాపలా కాస్తుంది. పిల్లలు బయటికి వచ్చేలోగా వెళ్లిపోతుంది. ఆగుంబెలో రోములస్ విటేకర్ 2005లో స్థాపించిన వర్షారణ్య పరిశోధన కేంద్రం ఉంది. అక్కడ ఈ పాముల ఒంట్లో చిన్న రేడియో పరికరం అమర్చి, అవి ఎక్కడెక్కడ తిరుగుతాయో తెలుసుకున్నారు. మనకు వార్తలూ పాటలూ తెచ్చే రేడియో తరంగాలే పాము జాడ కూడా చెబుతాయన్నమాట. ఇన్నాళ్లూ రాచనాగు అంతా ఒకే జాతి అనుకున్నారు. 2024లో శాస్త్రజ్ఞులు దాన్ని నాలుగు జాతులుగా విడదీశారు. అందులో పడమటి కనుమల జాతికి శాస్త్రీయ నామంలో కాళింగ అనే పేరే పెట్టారు. ఊరివాళ్లు పిలిచే కన్నడ పేరు ప్రపంచానికంతటికీ పేరైంది.

"మరి అది ఏం తింటుంది?" అన్నాడు బాబు.

"ఎక్కువగా పాముల్నే. మా వైపు కేరె హావు అంటే దానికి ఇష్టం" అన్నాడు. కేరె హావు అంటే జెర్రిపోతు. "కేరె హావు ఎలుకల కోసం ఇళ్ల దగ్గరికి వస్తుంది. కేరె హావు కోసం కాళింగం వస్తుంది. అలా అప్పుడప్పుడూ వక్కతోటల్లోకీ, వసారాల్లోకీ వస్తుంటుంది. మేము చంపం. దూరంగా నిలబడి, తెలిసినవాళ్లకు కబురు పెడతాం."

అప్పుడు మా బాబు ఏ కల్మషమూ లేకుండా అన్నాడు: "మా అమ్మ బడిలో కేరె హావును చంపించింది."

వసారాలో వాన చప్పుడు తప్ప మరేమీ లేదు. మావారు నా వైపు చూడలేదు. నేను, "అవును. తెలియక చంపించాను. తెలుసుకోవాల్సిన దాన్నే, తెలుసుకోలేదు" అన్నాను. ఆ అబ్బాయి నన్ను ఏమీ అనలేదు. కాసేపాగి, "తెలియనప్పుడు దూరంగా నిలబడితే చాలు అక్కా. పాము పేరు తెలియక్కర్లేదు" అన్నాడు. పాప నా ఒడిలో నుంచి తలెత్తి నన్ను చూసింది. అది ఏడాది కిందట అడిగిన ప్రశ్నకు నేను ఆ రోజు జవాబు చెప్పినట్లయింది.

చీకటి పడ్డాక వాన ఆగింది. ఊరి చివర దాకా వస్తే ఒకటి చూపిస్తానన్నాడు ఆ అబ్బాయి. పాప రానంది. నేను ఈసారి కసరలేదు. "నాకూ భయమే. ఇద్దరం చేతులు పట్టుకుని వెళ్దాం. దారి మధ్యలోనే నడుద్దాం. దేన్నీ ముట్టవద్దు. వెనక్కి రావాలనిపిస్తే చెప్పు, వచ్చేద్దాం" అన్నాను. చాలాసేపటికి ఊ అంది.

చెట్ల కింద నిలబెట్టి టార్చి ఆపేయమన్నాడు. కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. పాప గోళ్లు నా అరచేతిలో దిగాయి. ఒక నిమిషం, రెండు నిమిషాలు. అప్పుడు నేలమీద కుళ్లిన కట్టె ఒకటి సన్నగా, ఆకుపచ్చగా వెలగడం కనిపించింది. వెన్నెల ముక్క పడినట్లుంది. అది ఒక రకం బూజు. కుళ్లిన కట్టెను తింటూ పెరుగుతుంది. దాని లోపలి రసాయనం గాలిలోని ప్రాణవాయువుతో కలిసి మిణుగురు పురుగుకు ఉన్నట్టే వేడి లేని వెలుగు పుట్టిస్తుంది. పడమటి కనుమల్లో వానాకాలంలోనే కనిపిస్తుంది. టార్చి వెలిగిస్తే కనబడదు, చీకటికి కళ్లు అలవాటుపడే దాకా ఓపిక పట్టాలి.

పాప చేయి మెల్లగా వదులైంది. "అమ్మా, ముట్టను. ఇంకొంచెం దగ్గరికి వెళ్లి చూడనా?" అంది. అబ్బాయి టార్చితో నేలంతా ఒకసారి చూసి, సరేనన్నాడు. టార్చి మళ్లీ ఆపాడు. అది చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, మోకాళ్ల మీద వంగి చూసింది. ఇంటికి వచ్చేదాకా ఆ కట్టె గురించే మాట్లాడింది. మరునాడు పొద్దున పామున్న మొక్క దగ్గరికి వెళ్దామని అదే అడిగింది. వెళ్లాం. పది అడుగుల దూరం నుంచి ఆ పచ్చటి చుట్టను చాలాసేపు చూసింది. "దాని కన్ను బాగుంది" అంది. అంతే.

శ్రోతలారా, మీరూ పిల్లలతో అలాంటి అడవికి వెళ్లదలిస్తే నాలుగు మాటలు. నిండు చేతుల చొక్కా, పొడుగు మేజోళ్లు, బూట్లు వేయండి. రోజుకు గంటన్నర, రెండు గంటల నడక చాలు. ఎక్కువ దూరం నడిస్తే పిల్లలకు అలసటే మిగులుతుంది. ఒకచోట కూర్చుంటే అడవే దగ్గరికి వస్తుంది. కనుమ దారిలో కోతులకు తిండి పెట్టకండి. ఆ అడవుల్లో సింగళీకాలూ ఉన్నాయి. సింహం తోకలాంటి తోక ఉన్న నల్లటి కోతులు అవి, ఈ కనుమల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేవు. బిస్కెట్ల కోసం రోడ్డు మీదికి రావడం ఏ కోతికైనా చావే.

ఇంకొక ముఖ్య విషయం. శివమొగ్గ జిల్లా అడవుల్లో 1957లో మొదటిసారి గుర్తించిన కోతి జ్వరం ఇప్పటికీ మలెనాడులో ఉంది. కన్నడంలో మంగన కాయిలె అంటారు. అది పిడుదుల కాటు వల్ల వస్తుంది. ఎక్కువగా డిసెంబరు నుంచి మే దాకా, ఎండిన రోజుల్లో కనిపిస్తుంది. ఆ నెలల్లో వెళ్లేవాళ్లు ముందుగా అక్కడి ఆరోగ్య కేంద్రంలో అడిగి వెళ్లండి. చచ్చిన కోతి కనిపిస్తే దగ్గరికి పోవద్దు, అటవీశాఖకు చెప్పండి. నడక తర్వాత పిల్లల ఒళ్లు చూసి వేడినీళ్లతో స్నానం చేయించండి. తిరిగొచ్చాక జ్వరం వస్తే, అడవికి వెళ్లొచ్చామని డాక్టరుకు తప్పక చెప్పండి. పాముకాటుకు మంత్రాలూ నాటు వైద్యాలూ వద్దు, నేరుగా ఆసుపత్రికే వెళ్లాలి. మన దేశంలో దొరికే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర విషాలకు తయారుచేసినది. రాచనాగు విషానికి ఉద్దేశించింది కాదు. కాబట్టి అక్కడ జాగ్రత్తే మొదటి మందు.

చివరిగా ఒక్క సంగతి. మేము తిరిగి వచ్చిన తర్వాత, నవంబరులో, మా బడి వెనక గోడ దగ్గర మళ్లీ ఒక పాము కనిపించింది. వాచ్‌మన్ కట్టె పట్టుకుని నా వైపు చూశాడు. నా గుండె అప్పుడూ దడదడలాడింది. భయం పోలేదు, పోతుందని కూడా అనుకోను. కాని ఈసారి పిల్లల్నందర్నీ వసారా మీదికి ఎక్కించాను. "కట్టె వద్దు. పాములు పట్టేవాళ్లు తెలిసుంటే ఫోను చెయ్యి" అన్నాను. అది జెర్రిపోతో కాదో నాకు తెలియదు. తెలియాల్సిన అవసరమూ రాలేదు. ఎవరూ వచ్చేలోపే అది గోడ కింది కంతలో నుంచి జొన్న చేలోకి వెళ్లిపోయింది. నలభై మంది పిల్లలు చప్పుడు చేయకుండా చూశారు. ఆ వరుసలో రెండో తరగతి పిల్ల ఒకటి చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడి ఉంది. పక్కనున్న పిల్లకు మెల్లగా చెబుతోంది: "ముట్టబేడ, నోడు."

మనం పిల్లలకు ఇన్నాళ్లూ చెబుతున్నది సగం మాట. మిగతా సగం కూడా చెబుదాం. ముట్టొద్దు, కాని చూడు. ఆగుంబె దాకా వెళ్లలేకపోయినా పరవాలేదు. మన పెరట్లో వానాకాలంలో రోకలిబండ వస్తుంది, గోడ మీద తొండ తల ఊపుతుంది, దీపం దగ్గర కప్ప కూర్చుంటుంది. పిల్లల పక్కన ఐదు నిమిషాలు కూర్చుని చూడండి.